ఆరోగ్యవరపు డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు గారు

మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సమయమున సంఘములు కట్టిన దైవజనులతో పాటు, రోగుల మంచముల ప్రక్కన నిలిచిన వైద్యులను కూడ జ్ఞాపకము చేసికొనుట మనకు తగును. అట్టివారిలో డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లరు గారొకరు. ఆయన మన గోదావరి తీరమున కాపురమున్నవారు కారు. అయినను క్షయరోగుల కొరకు ఆయన వేసిన త్రోవ మన ఇండ్లవరకు వచ్చినది.

మన తాతల కాలమున దగ్గుతో నెత్తురు పడుట ఆ ఇంటికి మరణవార్తతో సమానము. ఆ మనిషికి కంచము, చెంబు వేరుచేసి ఒక మూలకు చేర్చెడివారు. పెండ్లి కావలసిన పిల్లలున్న ఇంట ఆ సంగతి బయటికి పొక్కనిచ్చెడివారు కారు. దాచినకొలది రోగము ముదిరెడిది. ఇంటిలో మరియొకరికి సోకెడిది.

ఫ్రిమోట్ మొల్లరు గారు డెన్మార్కు దేశస్థులు. మిషనెరీ వైద్యులుగా దక్షిణ భారతమునకు వచ్చిరి. ఒక్కొక్క మిషను విడిగా ఈ రోగముతో పోరాడజాలదని గ్రహించి, పలు మిషనులు ఏకమై రాయలసీమలోని మదనపల్లె దగ్గర ఒక శానిటోరియము కట్టినవి. అది 1915లో తెరువబడెను. ఆ స్థలమునకు ఆరోగ్యవరమని పేరు. ఆయన దానికి మొదటి సూపరింటెండెంటై రెండు దశాబ్దములకు పైగా సేవచేసిరి.

అప్పటికి క్షయ క్రిమిని చంపు మందు లేదు. క్షయ ఊపిరితిత్తిని తొలిచి గుంటలు చేయును. గుంట గోడలోని రక్తనాళము ఉబ్బి పగిలినపుడు నెత్తురు ధారగా వచ్చును. ఈ సంగతిని 1868లో వివరించినవారు కూడ డెన్మార్కు వైద్యులే. ఆయన పేరు రాస్ముసెన్. శానిటోరియములో ఇచ్చు చికిత్స ముఖ్యముగా విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము. ఛాతీలోనికి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడుచుకొనజేయు పద్ధతియు ఉండెను. అందువలన గుంట మూసుకొని కొందరికి నెత్తురు ఆగెడిది. నెలల తరబడి మంచము మీద ఉన్నవారికి ఓర్పు నేర్పుటయే ఆ వైద్యములో సగము.

1939లో భారత క్షయ నివారణ సంఘము ఏర్పడగా ఆయన దానికి మెడికల్ కమీషనరైరి. ఆరోగ్యవరమున ఆయనతో పనిచేసిన డాక్టరు పి.వి. బెంజమిన్ గారు తరువాత భారత ప్రభుత్వమునకు క్షయవ్యాధి సలహాదారులైరి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన, ఇంటనుండి మందులు వాడినవారును శానిటోరియములోనివారితో సమానముగా బాగుపడుదురని 1959లో తేల్చెను.

మందు వచ్చినను దాపరికము పోలేదు. మేము ప్రార్థనకు వెళ్లిన ఒక ఇంట తలగడ క్రింద నెత్తురు మరకల గుడ్డను చూచితిమి. ప్రార్థన చేసి వచ్చితిమే గాని, ఆసుపత్రికి తీసికొనిపొండని గట్టిగా చెప్పలేకపోతిమి. నెల తిరుగకమునుపే ఆ యౌవనస్థుని సమాధియొద్ద నిలువవలసి వచ్చెను. ఆ భారము మాకు నేటికిని కలదు.

కాబట్టి ఇప్పుడు చెప్పుచున్నాము. దగ్గుతో వచ్చు ఎర్రని, నురుగుతో కూడిన నెత్తురు సాధారణముగా ఊపిరితిత్తులది. క్షయ ఒక్కటే కారణము కాదు. మానిన క్షయ గుంటలలో బూజు చేరుట, శ్వాసనాళములు వెడల్పై చీము పట్టుట, కాన్సరు, గుండె కవాటము ఇరుకగుట కూడ కారణములే. నెత్తురు ఎక్కువగా పడినపుడు, అది పోవుటకంటె ఊపిరాడకపోవుటయే ప్రాణాపాయము. జబ్బు ఏ ప్రక్కనున్నదో తెలిసినయెడల ఆ ప్రక్కకే ఒత్తిగిలి పడుకొనబెట్టి, వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. సన్నని గొట్టమును రక్తనాళము గుండా పంపి, నెత్తురు కారుచోటును మూయు చికిత్స 1970ల నుండి కలదు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. సాధారణ క్షయకు ఆరు నెలలు విడువక వాడవలెను.

పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ప్రభువునొద్దకు చాటుగా వచ్చెను. ఆయన ఆమెను చాటుగా పోనియ్యలేదు. ఆమె అందరియెదుట నిజము చెప్పి, సమాధానముతో వెళ్లెను. మన సంఘములలో కూడ ఎవరును నెత్తురు గుడ్డను తలగడ క్రింద దాచుకొనవలసిన అవసరము లేకుండునుగాక.