గిరిజన బంధువు వెన్నెలకంటి రాఘవయ్య

పుట్టుకతోనే ఎవరైనా దొంగ అవుతారా? కారు. తప్పు చేసినవారిని శిక్షించాలి, చేయనివారిని శిక్షించకూడదు. ఇది పిల్లలకు కూడా తెలిసిన న్యాయం. కాని ఒకప్పుడు మన దేశంలో ఫలానా తెగలో పుట్టడమే నేరమన్నట్లు చూసే చట్టం ఒకటి అమలులో ఉండేది. ఆ చట్టం కింద నలిగిపోయిన అమాయకుల పక్షాన నిలిచి, వారిని తలెత్తుకొని తిరిగేలా చేయడానికి పాటుపడిన మహనీయుడు వెన్నెలకంటి రాఘవయ్య.

రాఘవయ్య 1897లో నెల్లూరు జిల్లాలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివి, నెల్లూరులో న్యాయవాదిగా జీవితం ప్రారంభించారు. దేశమంతటా స్వాతంత్ర్యోద్యమం సాగుతున్న రోజులవి. ఆయన కూడా ఆ ఉద్యమంలో చేరారు. వృత్తిలో నిలదొక్కుకొని సుఖంగా బ్రతికే అవకాశాన్ని వదులుకొని, ప్రజాసేవే తన మార్గమని నిశ్చయించుకొన్నారు. ఆ సేవలో ఆయన మనసు ఎక్కువగా యానాదుల వైపు మొగ్గింది.

నెల్లూరు సీమలో యానాదులు చాలా పేద గిరిజనులు. చెరువులలో, కాలువలలో చేపలు పట్టేవారు. పొలాలలో ఎలుకలు పట్టి పంటను కాపాడేవారు. అడవిలో తేనె, మూలికలు సేకరించేవారు. ఏ మొక్క ఏ జబ్బుకు పనికివస్తుందో వారికి బాగా తెలుసు. రైతులు వారిని పాలేళ్ళుగా, పొలం కాపలాదారులుగా కూడా పెట్టుకొనేవారు. విచిత్రమేమిటంటే, పండిన పంటకు కాపలా ఉండమని ఎవరిని నమ్మి పెట్టుకొనేవారో, ఊరిలో చిన్న దొంగతనం జరిగితే ముందుగా వారినే అనుమానించేవారు. నిజం విచారించే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఈ అనుమానానికి చట్టం కూడా తోడయింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. మొదట ఉత్తర భారతదేశంలో అమలైన ఈ చట్టం, 1911 తరువాత మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. 1924లో దానిని మరల సవరించారు. మనం ఉంటున్న దామంజోడి, కొరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేవి. కాబట్టి నెల్లూరు యానాదుల కథ మనకు దూరపు కథ కాదు.

ఈ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించేది. ఆ తెగవారి పేర్లు రిజిస్టరులోకి ఎక్కేవి. వారి వేలిముద్రలు తీసుకొనేవారు. పేరెక్కినవారు అధికారులు చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకోవలసి వచ్చేది. ఊరు మారాలంటే ముందుగా తెలియజేయాలి. కొందరిని సెటిల్మెంట్లు అనే ప్రత్యేక నివాసాలకు తరలించేవారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే బడులలో ఉంచే అధికారం కూడా చట్టంలో ఉంది. కొన్ని నేరాలకు ఇతరులకంటే వీరికి ఎక్కువ శిక్ష పడేది. నెల్లూరు ప్రాంతంలో ఎందరో యానాదుల పేర్లు ఈ రిజిస్టర్లలో చేరాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒక మనిషిపై దొంగతనం కేసు పెడితే, న్యాయవాది అతని తరఫున వాదించవచ్చు. సాక్షులను ప్రశ్నించవచ్చు. అతడు నిర్దోషి అని నిరూపించవచ్చు. కాని ఒక తెగను నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని అడిగే అధికారం న్యాయస్థానానికి లేకుండా చట్టమే అడ్డుకట్ట వేసింది. కోర్టులో గెలిచి బయటకు వచ్చినవాడు కూడా ఆ రాత్రి మరల హాజరుకు వెళ్ళవలసిందే. కేసు పోయినా మచ్చ పోదు. ఇటువంటి చోట న్యాయవాది వాదన ఒక్కటే చాలదు. చట్టం మారాలి, దానితోపాటు ఆ మనుషుల బ్రతుకు కూడా మారాలి. న్యాయశాస్త్రం చదివిన రాఘవయ్య సంఘసేవకుడుగా చేపట్టిన పని ఇదే.

ఆయన యానాదుల గుడిసెలకు వెళ్ళారు. వారి కష్టసుఖాలు తెలుసుకొన్నారు. చెల్లాచెదరుగా ఉన్నవారిని సంఘంగా కూడగట్టారు. ఒంటరిగా ఉన్న మనిషి అధికారి ముందు నోరు విప్పలేడు. పదిమంది కలిస్తే మాటకు బలం వస్తుంది. వెట్టిచాకిరికి వ్యతిరేకంగా, పేదరికానికి వ్యతిరేకంగా ఆయన పోరాడారు. చదువు లేనిదే ఈ మచ్చ తొలగదని గ్రహించి, గిరిజన బాలబాలికల విద్య కోసం, వసతి కోసం కృషి చేశారు. నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేయాలని పట్టుదలతో వాదించారు.

ఠక్కర్ బాపా 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘాన్ని స్థాపించారు. రాఘవయ్య ఆ సంఘంలో పనిచేసి, తన సేవను నెల్లూరు నుంచి దేశంలోని ఇతర గిరిజనులకు కూడా విస్తరింపజేశారు. తెలుగు నాట ఆంధ్రరాష్ట్ర ఆదిమజాతి సేవక సంఘం ద్వారా కృషి సాగించారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ చట్టాన్ని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 1949లో ఒక సంఘాన్ని నియమించింది. తెలుగువారికి సుపరిచితుడైన అనంతశయనం అయ్యంగారు దానికి అధ్యక్షులు. చివరకు 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. దాదాపు 23 లక్షల మంది ఆ ముద్ర నుంచి బయటపడ్డారు. అప్పటి నుంచి వారిని విముక్త జాతులు అంటున్నాము. ఎందరో కలిసి సాధించిన ఈ విజయంలో రాఘవయ్య పాత్ర మరువరానిది.

అయితే చట్టం రద్దు కావడంతోనే అనుమానం రద్దు కాదు. హాజరు పుస్తకం పోయినా పని దొరకాలి, భూమి దొరకాలి, పిల్లలు బడికి వెళ్ళాలి. అందుకే రాఘవయ్య విశ్రాంతి తీసుకోలేదు. యానాదుల జీవితాన్ని గురించి ఆయన ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం 1962లో వెలువడింది. సంచారజాతుల గురించి 1968లో, గిరిజనుల తిరుగుబాట్ల గురించి 1971లో మరి రెండు గ్రంథాలు వచ్చాయి. లోకం దొంగలని పిలిచినవారికి కూడా చరిత్ర ఉందని, కళలు ఉన్నాయని, అన్యాయాన్ని ఎదిరించిన ధైర్యం ఉందని ఆయన రచనలు చాటాయి. భారత ప్రభుత్వం 1973లో ఆయనను పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. 1981లో రాఘవయ్య కన్నుమూశారు.

నేడు నేరం మోపబడిన పేదవాడు ఒంటరివాడు కానక్కరలేదు. 1958లో వచ్చిన ప్రొబేషన్ చట్టం ప్రకారం, తగిన కేసులలో దోషిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తనపై విడుదల చేయవచ్చు. అతని ఇల్లు, పరిస్థితులు, నడవడి గురించి ప్రొబేషన్ అధికారి న్యాయస్థానానికి తెలుపుతాడు. విడుదలైన తరువాత సరైన దారిలో నడవడానికి తోడ్పడతాడు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం గిరిజనులకు, స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఈ సంగతి తెలియనివారికి తెలియజేయడం కూడా సేవే.

న్యాయవాది మనిషిని శిక్ష నుంచి కాపాడతాడు. సంఘసేవకుడు అతనిని తిరిగి మనుషుల మధ్య నిలబెడతాడు. రాఘవయ్య జీవితం ఈ రెండు పనుల అవసరాన్నీ మనకు తెలియజేస్తుంది. మన ఊరిలో, మన బడిలో ఏదైనా వస్తువు పోయినప్పుడు, కులాన్ని బట్టో పేదరికాన్ని బట్టో ఎవరి వైపూ వేలు చూపకుండా, ముందు నిజం తెలుసుకోవడమే ఆ మహనీయునికి మనం చూపే గౌరవం.