కార్లో అబార్త్

మోటారు పందెములలో గెలుపొందిన వీరుల పేర్లను జనులు జ్ఞాపకముంచుకొందురు. ఆ వీరుల బండ్లను సిద్ధపరచిన పనివారి పేర్లు తరచుగా మరుగున పడిపోవును. అట్లు మరుగున పడక, ఒక పొగగొట్టము మూలమున దేశదేశముల పేరుగాంచినవాడు కార్లో అబార్త్.

అతడు 1908వ సంవత్సరము నవంబరు 15వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. యౌవనారంభమున మోటారు సైకిళ్ల కర్మాగారమున పనికి కుదిరి, యంత్రములను విప్పి కూర్చుటతో తృప్తి చెందక, వానిపై నెక్కి పందెములలో పాల్గొనసాగెను. 1928లో తొలి విజయము లభించెను. పిమ్మట ఒక పందెమున గాయపడి, రెండు చక్రముల బండిని విడచి, ప్రక్కన పీఠమమర్చిన మూడు చక్రముల సైడుకారును చేపట్టెను.

ఆ దినములలో ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ అను రైలుబండి యూరపు ఖండమున మిక్కిలి ప్రసిద్ధి వహించియుండెను. 1934లో అబార్త్ ఆ రైలుతో పందెము వేసికొనెను. బెల్జియము సముద్రతీరమందలి ఓస్టెండ్‌కును వియన్నాకును నడుమ దూరము పదమూడువందల కిలోమీటర్లకు పైబడి యున్నది. రైలునకు నున్నని ఇనుపపట్టాలు, అబార్త్‌కు గతుకుల బాటలు. మొదటి పర్యాయము బండిలో లోపమేర్పడి అతడు వెనుకబడెను. కొలది దినములకే మరల బయలుదేరి, ఈసారి రైలుకంటె ముందుగా గమ్యము చేరెను.

కాని ఆ కీర్తి చిరకాలము నిలువలేదు. 1930 తరువాతి దశకము ముగియుచుండగా యుగోస్లావియాలో జరిగిన ఘోర ప్రమాదమున అతని శరీరము నుగ్గయ్యెను. మాసముల తరబడి మంచము పట్టెను. ప్రాణము దక్కెనే గాని పందెపు జీవితము అంతటితో ముగిసెను. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. యుద్ధకాలమును లుబ్లియానా నగరమున గడపి, అది ముగిసిన పిదప అబార్త్ ఇటలీ దేశమునకు వచ్చి, ఆ దేశపు పౌరుడై, కార్లో అను పేరు ధరించెను.

ట్యూరిన్ నగరమున పియెరో డూసియో అను ధనికుడు సిసిటాలియా అను కార్ల సంస్థను నెలకొల్పియుండెను. అబార్త్ అందు పందెపు శాఖకు అధికారి యయ్యెను. ఆ సంస్థ పోర్షే కార్యాలయముచే పండ్రెండు సిలిండరుల పందెపు కారు నొకదానికి రూపకల్పన చేయించెను. ఆ కారు అద్భుతమైనదే. దానికైన వ్యయమును అద్భుతమే! ఆ బరువును మోయజాలక సంస్థ కుప్పకూలెను. అబార్త్‌కు రావలసిన ధనమునకు బదులుగా కొన్ని పందెపు కార్లును విడిభాగములును చేతికి వచ్చెను. అప్పటికి అతనికి నలువదేండ్లు. మరల బ్రదుకు తెరువు వెదకికొనవలసిన స్థితి.

1949లో మిత్రుల సాయముతో తన పేరనే సంస్థను స్థాపించెను. పాశ్చాత్యుల గణనము ననుసరించి అతనిది వృశ్చిక రాశి గావున తేలును చిహ్నముగా ఎన్నుకొనెను. చిన్నదైనను కుట్టగల ప్రాణి గదా! మరుసటి సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన సుప్రసిద్ధుడగు టాజియో నువోలారి, ఏబది యేడేండ్ల వయస్సున, పలెర్మో చెంతనున్న పెల్లెగ్రీనో కొండమీదికి అబార్త్ కారును నడపి, తన తరగతిలో ప్రథముడయ్యెను. ఆ మహావీరుని విజయములలో అదియే కడపటిది.

అయినను పందెముల వలన కీర్తియే గాని కూడు రాదు. అందుచే అబార్త్ సామాన్యులు కొనగల వస్తువు నొకదానిని తయారుచేయ నిశ్చయించెను. అదియే పొగగొట్టము.

మనము ఊపిరి పీల్చి విడచునట్లే పెట్రోలు ఇంజను గాలిని పీల్చి, పెట్రోలుతో కలిపి మండించి, పొగను వెలుపలికి విడచును. పొగ పూర్తిగా పోనిచో క్రొత్త గాలికి చోటు చాలదు. ఇంజను బలము తగ్గును. కాని పొగను తిన్నగా విడచినచో తుపాకి ప్రేలినట్లు చప్పుడగును. అందుకై ఆనాటి సైలెన్సరులలో అడ్డురేకులుంచి, పొగను ముందువెనుకలకు మలుపులు త్రిప్పి పంపుచుండిరి. చప్పుడణగెను, దానితో ఇంజను ఊపిరియు కొంత బిగుసుకొనెను. అబార్త్ అడ్డురేకులను తొలగించి, చిల్లులుగల తిన్నని గొట్టము నమర్చి, దానిచుట్టు గాజుపీచు కూరెను. పొగ ఆటంకము లేక సాగిపోవును. చప్పుడు చిల్లులగుండ గాజుపీచులోనికి దూరి నీరసించును. కీచుమను ధ్వనులు అందు ఎక్కువగా ఇంకిపోవును. మృదంగపు ఎడమ మూత పలుకునట్టి గంభీరనాదము మాత్రము మిగులును. చిన్న కారు పెద్ద కారువలె పలుకజొచ్చెను!

గొట్టమొక్కటి మార్చుటచే కలిగిన బలము గొప్పదని చెప్పుటకు వీలులేదు. కొన్నవారిలో పెక్కురు నాదముకొరకే కొనిరనుట నిజము. ఏమైనను, 1962 నాటికి ఏటికి రెండున్నర లక్షలకు పైగా గొట్టములు ఆ కర్మాగారమున తయారగుచుండెను. అందు అధికభాగము విదేశములకు పోవుచుండెను. పందెముల వ్యయమునకు ఆ గొట్టములే ఆధారమయ్యెను.

1955లో ఫియట్ సంస్థ 600 అను చిన్న కారును విడుదల చేసెను. దాని సిలిండరు వ్యాసము 60 మిల్లీమీటర్లు. పిస్టను నడక 56 మిల్లీమీటర్లు. అబార్త్ వ్యాసమును ఒక్క మిల్లీమీటరు మాత్రమే పెంచి, నడకను 64 మిల్లీమీటర్లు చేసెను. దానిచే 633 ఘనసెంటీమీటర్ల ఇంజను 747 అయ్యెను. బలము ఇంచుమించు రెట్టింపయ్యెను. ఈ మార్పునకు వలయు భాగములన్నియు ఒక పెట్టెలో నమర్చి అమ్మించెను. మెకానికు వానిని బిగించినచో సామాన్య గృహస్థుని కారు పందెపు కారగును.

1957లో వచ్చిన ఫియట్ 500 మరియు చిన్నది. దాని ఇంజనుకు రెండే సిలిండరులు. బలము మిక్కిలి తక్కువ. తొలుత కొనువారును తక్కువే. 1958 ఫిబ్రవరి మాసమున అబార్త్ తాను సవరించిన 500 కారును మోంజా పందెపు బాటపై విడచెను. డ్రైవర్లు వంతులవారీగా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు దానిని పరుగెత్తించిరి. 168 గంటలలో అది 18,186 కిలోమీటర్లు పోయెను. సగటు వేగము గంటకు 108 కిలోమీటర్లు. చలికాలపు రాత్రులలో ఆ చిట్టి ఇంజను ఒక్క చిన్న లోపముచే ఆగినను అబార్త్ పరువు, పెట్టిన ధనము కూడ మట్టిగలిసియుండెడివి. ఈ ఘనకార్యమును చూచి ఫియట్ సంస్థ, అబార్త్ గెలుచు ప్రతి విజయమునకు పారితోషికమిచ్చుట కంగీకరించెను.

అతని స్వభావము కఠినమైనది. పట్టుదల అంతకంటె కఠినమైనది. 1965లో ఏకాసనపు కారు నొకదానిని రికార్డులకై నిర్మించి, తానే నడపగోరెను. కూర్చుండుచోటు ఇరుకు, అతనిది భారీ విగ్రహము. చోటును పెంచినచో కారు బరువెక్కును. అబార్త్ కారును మార్చలేదు; ఆహారమును తగ్గించి 30 కిలోగ్రాముల బరువు కోల్పోయెను. అక్టోబరు 20వ తేదీన, ఏబది యేడవ యేడు నిండవచ్చుచుండగా, ఒకనాడు ఎముకలు విరిగి పందెములకు దూరమైన ఆ మనుష్యుడు మోంజాలో స్వయముగా కారు నడపి రికార్డు నెలకొల్పెను. ఆ సంస్థ సాధించిన రికార్డులలో అది నూరవది.

రానురాను పందెముల వ్యయము మితిమీరెను. 1971లో అబార్త్ తన సంస్థను ఫియట్‌కు అమ్మివేసెను. తరువాత వియన్నాకు మరలిపోయి, 1979 అక్టోబరు 24వ తేదీన అచ్చటనే కన్నుమూసెను.

2007లో ఫియట్ సంస్థ తేలు చిహ్నమును మరల పైకి తెచ్చెను. 2008లో వచ్చిన క్రొత్త అబార్త్ 500 కారునకు టర్బోచార్జరు కలదు. అది వెలుపలికి పోవు పొగ బలముచే ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసుపైనున్న మరియొక చక్రముచే గాలిని అదిమి సిలిండరులలోనికి పంపు సాధనము. పూర్వము వ్యర్థముగా పోయిన పొగ శక్తి ఇప్పుడు పనికివచ్చెను. ఆ చక్రము అడ్డుపడుటచే నాదమును కొంత మందగించెను. కావున వెనుకనుండు గొట్టము విషయమై మరల శ్రద్ధ వహింపవలసి వచ్చెను. అట్లు తయారైన గొట్టమునకు పెట్టిన పేరు రికార్డ్ మోంజా. కారు బలము 135 అశ్వశక్తులు. ఇంకను కావలెనన్నవారికి దానిని 160కి పెంచు భాగములను, తేలు ముద్ర వేసిన ఒక కొయ్యపెట్టెలో పెట్టి పంపసాగిరి.