విన్సెంట్ ఫెర్రర్: సన్యాసం వదిలి సంసారంలోకి వచ్చిన మా అనంతపురం ఫాదర్

ఆశ్రమ ధర్మాల గురించి మాట్లాడుకున్నప్పుడు వీడియోలో ఒక విషయం సగంలో వదిలేశాను. సన్యాసం తీసుకున్న మనిషి వెనక్కి వచ్చి పెళ్ళి చేసుకోవచ్చా? మన శాస్త్రాలు అలాంటివాడికి ఆరూఢపతితుడు అని పేరు పెట్టాయి. అంటే పైదాకా ఎక్కి పడిపోయినవాడు. వినడానికే కఠినంగా ఉంటుంది కదా. ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు పురాణ పురుషులెవరూ గుర్తుకు రారు. మా అనంతపురంలో బతికి, ఈ మట్టిలోనే కలిసిపోయిన ఒక స్పెయిన్ దేశస్థుడు గుర్తొస్తాడు. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. ఫాదర్ పదవి వదిలేసి ఎన్నో ఏళ్ళయినా మా వైపు జనం ఆయన్ని ఫాదర్ అనే పిలిచారు. భక్తి ఛానెల్‌లో కేథలిక్ ఫాదర్ కథ ఎందుకు అనుకునేవాళ్ళు కొంచెం ఓపిక పట్టి చదవండి.

ఆయన పుట్టింది 1920 ఏప్రిల్ 9న, బార్సిలోనాలో. పద్దెనిమిదేళ్ళ వయసుకే స్పెయిన్ అంతర్యుద్ధంలో సిపాయి. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో ఉన్నాడు. తనవాళ్ళు ఓడిపోయాక ఫ్రాన్సులో నిర్బంధ శిబిరం చూశాడు. తిరిగొచ్చి లా చదవడం మొదలుపెట్టి, అదీ పక్కనపెట్టి 1944లో జెజ్విట్ సభలో చేరాడు. జెజ్విట్లంటే కేథలిక్కుల్లో బాగా చదువుకున్న, క్రమశిక్షణ ఎక్కువున్న సన్యాసుల సంఘం అనుకోండి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు. మన దశనామీ సంప్రదాయం తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

1952లో బొంబాయిలో దిగాడు. తర్వాత నాసిక్ వైపు మన్మాడ్‌లో పని. అక్కడ రైతులతో బావులు తవ్వించడం మొదలుపెట్టాడు. వడ్డీ లేకుండా అప్పు, కూలికి బదులు తిండిగింజలు, ఇలా సాగింది. పేరు పెరిగేకొద్దీ అనుమానాలూ పెరిగాయి. మతం మార్చడానికే వచ్చాడన్నారు. ఆ రోజుల్లో విదేశీ మిషనరీల మీద ఆ అనుమానం రావడంలో వింత లేదు. నేను దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. అయితే 1968లో దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు వచ్చినప్పుడు ఆయన కోసం రోడ్డెక్కింది ఎవరో చూడండి. మన్మాడ్ చుట్టుపక్కల రైతులు వేలమంది, బొంబాయి దాకా నడిచారు. ఇందిరా గాంధీ మధ్యేమార్గం చూపించారు. కొన్నాళ్ళు బయటికి వెళ్ళి రావచ్చు, తిరిగి రానిస్తాం అని. 1969లో వచ్చాడు. ఈసారి మహారాష్ట్రకి కాదు, అనంతపురానికి.

అనంతపురం గురించి సిటీలో పెరిగినవాళ్ళకి రెండు మాటలు. పడమటి కనుమల వాననీడలో ఉన్న పీఠభూమి ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు. పైరు పెట్టేది చెనిక్కాయ, అంటే మీరనే వేరుశనగ. వాన రాకపోతే అప్పు, అప్పు తీరకపోతే బెంగళూరు బస్సు. మగవాళ్ళు వలసపోతే ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. మా వైపు కాపురాలు చెదిరిపోవడంలో కరువుకి చాలా పెద్ద వాటా ఉంది.

ఆ ఊళ్ళోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలైంది. జనం నోట్లో ఆర్‌డీటీ. ఆ మరుసటి ఏడాది, 1970లో, ఫెర్రర్ జెజ్విట్ సభ వదిలేశాడు. అదే ఏడాది అన్నే పెర్రీని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఇంగ్లండు అమ్మాయి, బొంబాయిలో జర్నలిస్టు. ఆయన్ని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్ళి పరిచయమైంది. ఆయన యాభైకి దగ్గర పడ్డాడు, ఆమె ఆయనకన్నా 27 ఏళ్ళు చిన్నది.

ఇది చర్చి దృష్టిలో ఎంత పెద్ద విషయమో తెలియాలంటే కేథలిక్కుల పెళ్ళి లెక్క కొంచెం తెలియాలి. మన తెలుగు కేథలిక్కులు పెళ్ళిని జ్ఞానవివాహం అంటారు. ఏడు దివ్య సంస్కారాల్లో అదొకటి, గురుపట్టం ఇంకొకటి. సక్రమంగా జరిగిన పెళ్ళిని మనుషులెవరూ విడదీయలేరు, అందుకే చర్చిలో విడాకులు లేవు. బలవంతం, మోసం లాంటివి రుజువైతే, అసలు అది మొదటినుంచీ పెళ్ళే కాదని చర్చి కోర్టు తేలుస్తుంది, అంతే. అలాగే పోపు మినహాయింపు లేకుండా గురువు పెళ్ళి చేసుకుంటే చర్చి దృష్టిలో అది చెల్లదు, పదవీ పోతుంది. 1967లోనే పోపు ఆరవ పాల్ గురువుల బ్రహ్మచర్యం మారదని లేఖ రాశారు. ఆ కాలంలో ప్రపంచమంతా ఎంతోమంది గురువులు బయటికి వచ్చేశారు.

మరి ప్రభుత్వం సంగతి? 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ వయసు అడుగుతుంది, మతిస్థిమితం అడుగుతుంది, దగ్గరి చుట్టరికం ఉందా, బతికున్న భార్యో భర్తో ఉన్నారా అని అడుగుతుంది. గురుపట్టం ఊసే ఉండదు. చర్చి ఒక దారి, చట్టం ఒక దారి. చర్చి కోర్టు పెళ్ళిని రద్దుచేసినా మన కోర్టుల్లో అది విడాకులు కాదు. 2017లో సుప్రీంకోర్టు కూడా ఆ కోరికను తోసిపుచ్చింది.

క్రైస్తవ స్త్రీలకి మాత్రం ఈ రెండు దారుల మధ్య నలిగిపోయిన రోజులు చాలా ఉన్నాయి. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భార్య తప్పు తిరిగితే భర్తకి అదొక్కటే చాలు. భర్త తప్పు తిరిగితే భార్యకి అది చాలదు, దాంతోపాటు క్రూరత్వమో, వదిలేసిపోవడమో కూడా చూపించాలి. 2001 దాకా ఇదే. పరస్పర అంగీకారంతో విడాకులు హిందువులకి 1976లో వస్తే, వాళ్ళకి 2001లో వచ్చాయి.

మనం గొప్పలు పోవడానికి లేదు లెండి. 1955 హిందూ వివాహ చట్టం వచ్చేదాకా చాలాచోట్ల మన స్త్రీకీ బయటపడే దారి లేదు. ఆ చట్టంలోనే ఒక తమాషా క్లాజుంది. భర్తో భార్యో సన్యాసం పుచ్చుకుంటే రెండోవాళ్ళు విడాకులు అడగొచ్చు. సన్యాసమంటే లౌకికంగా చచ్చిపోవడమే అన్న పాత భావన అది. జ్ఞానేశ్వరుడి తండ్రి విఠల్‌పంత్ కథ గుర్తుందా? సన్యాసం తీసుకుని, గురువు ఆజ్ఞతో భార్య దగ్గరికి తిరిగొచ్చాడు. ఊరు వెలేసింది. చివరికి ఆ దంపతులు ప్రాణాలే వదిలారని కథ చెబుతుంది. వాళ్ళ పిల్లల్లో ఒకడే మరాఠీలో గీతకి భాష్యం చెప్పిన మహానుభావుడు.

ఫెర్రర్‌ని అనంతపురం వెలేయలేదు. తన వ్రతం ఆయన వదిలాడా, మార్చుకున్నాడా అన్నది నేను తేల్చలేను. బ్రహ్మచర్యం వదిలాడు, ఆ ఊరిని వదల్లేదు. చెక్‌డ్యాములు, పండ్లతోటలు, బడులు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్‌లో ఆసుపత్రులు. ముగ్గురు పిల్లలు ఇక్కడే పెరిగారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇళ్ళ సంగతి. ఆర్‌డీటీ కట్టించే ఇల్లు ఆడమనిషి పేరు మీద రిజిస్టరవుతుంది. మొగుడు తాగొచ్చి బయటికి పొమ్మంటే వెళ్ళాల్సింది ఎవరో ఆ కాగితమే చెబుతుంది. ఏ కోర్టుకీ వెళ్ళకుండా, ఏ మతగ్రంథం తిరగేయకుండా. ఆడవాళ్ళ పనుల్లో అన్నే గారి చెయ్యి చాలా ఉంది.

1998లో స్పెయిన్ ఆయనకి ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ అవార్డు ఇచ్చింది. 2009 మార్చిలో పక్షవాతం వచ్చింది. జూన్ 19న అనంతపురంలో పోయారు, 89 ఏళ్ళు. బత్తలపల్లిలో సమాధి చేశారు. మా పల్లెల్లో కొన్ని ఇళ్ళలో దేవుడి పటాల పక్కనే ఆయన ఫోటో ఉంటుంది. వెంకటేశ్వరస్వామికి పెట్టిన బొట్టే ఆయనకీ పెడతారు.