జిడ్డు కృష్ణమూర్తి: క్లాస్ బయట నిలబెట్టిన పిల్లాడే.. మన మదనపల్లె దగ్గర భయం లేని బడి పెట్టించాడు!

జూన్ వచ్చిందంటే చాలు.. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏ వీధి చూసినా ఒకటే సీన్. కొత్త బ్యాగు, కొత్త యూనిఫాం, గేటు దగ్గర అమ్మ కొంగు వదలకుండా ఏడ్చే పిలకాయలు. ఆ మొదటి రోజుల భయం పిల్లల్ని ఎంత దూరం వెంటాడుతుందో తెలియాలంటే, మన మదనపల్లెలో పుట్టిన ఓ పెద్దాయన కథ తెలుసుకోవాలి. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

పండగలా మొదలైన చదువు

1895 మే నెలలో మదనపల్లెలో ఆయన పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కావడంతో కృష్ణుడి పేరే పెట్టారు. ఆరేళ్ల వయసులో ఉపనయనం చేసి బడికి తీసుకెళ్లారు. ఇసుకలో అయ్యవారు అక్షరాలు దిద్దించారు. బడి పిల్లలందరికీ తినడానికి పంచిపెట్టారు. అంటే, స్వాగతం ఘనంగానే జరిగింది!

కానీ ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. చిన్నప్పుడే మలేరియా పట్టుకుంది, తరచూ జ్వరం. బడి మానాల్సి వచ్చేది. తండ్రికి బదిలీలు, ఊళ్లు మారడం. తమ్ముడు నిత్య చదువులో చురుకు. కృష్ణ మాత్రం ఆకాశం, చెట్లు, పురుగులు చూస్తూ ఉండిపోయేవాడు. టీచర్లకు అది మందబుద్ధిలా కనిపించింది.

నిజంగా బుద్ధి లేదా?

ఇంట్లో గడియారం మొత్తం విప్పేసి, అది ఎలా నడుస్తుందో తెలుసుకుని, మళ్లీ బిగించేదాకా బడికి కదలని పిల్లాడు వాడు. పలక, బలపం లేని పేద పిల్లాడు కనిపిస్తే తనవి ఇచ్చేసి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాడు. ఈ తెలివి, ఈ మంచితనం ఏ పరీక్షలోనూ మార్కులుగా పడలేదు.

పదేళ్లకే తల్లి చనిపోయింది. 1909లో తండ్రి పిల్లల్ని తీసుకుని మద్రాసు అడయార్ చేరారు. మైలాపూర్ హైస్కూల్లో దాదాపు రోజూ బెత్తం దెబ్బలే. పాఠం రాలేదని వరండాలోకి పంపేవారు. కొన్నిసార్లు టీచర్ ఆ సంగతే మర్చిపోయేవారు. సాయంత్రం తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు.

సీన్ మారింది

అదే ఏడాది దివ్యజ్ఞాన సమాజం పెద్దల కళ్లలో పడ్డారు. బడి మాన్పించి ఇంటి దగ్గరే చదువు చెప్పించారు. జగద్గురువు అవుతాడని ప్రచారం చేశారు, ఆయన కోసం సంస్థే పెట్టారు. 1925లో తమ్ముడు నిత్య కన్నుమూశాడు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది ముందు ఆ సంస్థను రద్దు చేసేశారు. తనకు శిష్యులు వద్దన్నారు. కానీ బడులు మాత్రం కావాలన్నారు.

రిషివ్యాలీ పుట్టింది

మదనపల్లెకు దగ్గర్లో, రిషికొండ కింద, పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయ ఆయనకు నచ్చింది. 1930ల మొదట్లో అక్కడ స్కూల్ నడక మొదలైంది. అదే రిషివ్యాలీ. బెత్తం లేదు. ఒకరితో ఒకరిని పోల్చడం వద్దు. భయపడే మనసు ఏదీ నేర్చుకోలేదన్నదే అక్కడి మూల సూత్రం. ఆయన చలికాలంలో ఇక్కడికొచ్చి పిల్లలతో, టీచర్లతో గంటల తరబడి మాట్లాడేవారు. కొత్తగా వచ్చిన పిల్లాడికి పాఠం కంటే ముందు, ఇది నా చోటే అన్న ధీమా కలగాలన్నది ఆయన తపన. 1985 చివర్లో ఆఖరిసారి వచ్చి వెళ్లారు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రిషివ్యాలీ రెసిడెన్షియల్ స్కూల్.. అందరికీ అందేది కాదు, నిజమే. కానీ ఆ ఆలోచన లోయ దాటింది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల ఊళ్లలో చిన్న బడులు పెట్టింది. పుస్తకం బదులు కార్డులతో, ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే పద్ధతి తెచ్చింది. నాలుగు రోజులు జ్వరమొచ్చి మానేసిన పిల్లాడు, ఆపిన చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. మలేరియాతో వెనకబడిన చిన్ని కృష్ణకు అప్పట్లో దొరకనిది సరిగ్గా ఇదే. తమిళనాడు సర్కారు బడులు కూడా ఈ పద్ధతిని అందుకున్నాయి.

తొలిరోజు బెలూన్లు కట్టడం, చాక్లెట్లు పంచడం మంచిదే. చిన్ని కృష్ణకూ మొదటి రోజు పంచారు. అసలు స్వాగతం తెలిసేది మాత్రం ఆ తర్వాతే.. జ్వరం తగ్గి మళ్లీ వచ్చిన రోజున, పాఠం అప్పజెప్పలేకపోయిన రోజున. ఈ జూన్‌లో మీ పిల్లాడు ఇంటికి రాగానే ఏం రాశావని కాకుండా, ఎవరి పక్కన కూర్చున్నావని అడిగి చూడండి. వరండాలో ఒంటరిగా నిలబడుతున్నాడేమో అప్పుడే తెలుస్తుంది.