లోపలున్న మనిషికీ మాట ఉంటుంది

వెంగళరావు నగర్‌ దాటి కాస్త ముందుకెళ్తే ఎర్రగడ్డ. ఆ పేరు వినగానే మీకేం గుర్తొస్తుంది? చాలామందికి అక్కడి మానసిక చికిత్సాలయమే. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డలో చేర్పించాలంటూ నవ్వేస్తాం. మన సినిమాల్లోనూ ఆ జోకు కొత్తేం కాదు. కానీ రేపు మన ఇంట్లోనే ఒకరికి నిజంగా అవసరం పడితే? ఆ నవ్వే భయమై కూర్చుంటుంది. చికిత్సకు వెళ్లడానికి నెలలు, ఏళ్లు ఆలస్యం చేస్తాం. తీరా చేర్చాక, లోపలున్న మనిషి చెప్పేదేదీ నమ్మక్కర్లేదనుకుంటాం.

ఈ రెండో పొరపాటు ఎంత పెద్దదో లోకానికి చెప్పినవాడు డాక్టరు కాదు, లాయరూ కాదు. మూడేళ్లపాటు ఆస్పత్రుల్లో గడిపిన ఒక రోగి. పేరు క్లిఫర్డ్‌ బీర్స్‌.

బీర్స్‌ 1876లో అమెరికాలోని న్యూహేవెన్‌లో పుట్టాడు. మనలాంటి మధ్యతరగతి ఇల్లే. యేల్‌ విశ్వవిద్యాలయంలో చదువు మొదలుపెట్టే ముందు వాళ్ల అన్నకు మూర్ఛ మొదలైంది. రేపు నాకూ వస్తుందేమోనన్న దిగులు క్లిఫర్డ్‌ను పట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు. 1897లో పట్టా అందుకుని ఉద్యోగంలో చేరినా ఆ దిగులు వదల్లేదు. 1900 జూన్‌లో ఇంటి పైఅంతస్తు కిటికీలోంచి దూకేశాడు. కాళ్లు విరిగాయి గానీ ప్రాణం దక్కింది.

ఆ తర్వాత మనసు పూర్తిగా అదుపు తప్పింది. చూడటానికొచ్చే అమ్మానాన్నలు, సోదరులు అసలైనవాళ్లు కారనీ, పోలీసులే ఆ వేషాల్లో వస్తున్నారనీ నమ్మాడు. దాదాపు మాట్లాడటమే మానేశాడు. అలా రెండేళ్లు గడిచాయి.

1902 ఆగస్టులో అతనికో ఆలోచన వచ్చింది. సోదరుడు జార్జికి స్వయంగా ఉత్తరం రాశాడు. వచ్చేటప్పుడు ఆ ఉత్తరాన్ని వెంట తెమ్మన్నాడు. నిజమైన సోదరుడైతేనే అది అతని చేతికి చేరుతుంది కదా అన్నది అతని లెక్క. జార్జి వచ్చాడు, జేబులోంచి ఉత్తరం తీసి చూపించాడు. రెండేళ్ల భ్రమ ఆ క్షణంలో విడిపోయింది. గమనించారా? మతి లేదని అందరూ అనుకుంటున్న మనిషి తన అనుమానానికి తానే పరీక్ష పెట్టుకున్నాడు. ఆ ఉత్తరం గేటు దాటకపోయి ఉంటే?

అయితే కథ అక్కడితో అయిపోలేదు. దిగులు పోయి, పట్టరాని ఉత్సాహం మొదలైంది. రాత్రీపగలూ రాస్తూనే ఉండేవాడు. కాగితం, పెన్సిలు ఇవ్వకపోతే గొడవపడేవాడు. ఆ ప్రైవేటు ఆస్పత్రిలో అతన్ని లొంగదీయడానికి చేతులు ఒంటికి బిగించి కట్టే చొక్కా తొడిగారు. వరసగా 21 రాత్రులు అలాగే ఉంచారు. తర్వాత మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆస్పత్రికి మార్చారు. అక్కడి చలిగదుల్లో ఒంటిమీద సరైన బట్టలైనా లేకుండా గడిపాడు. నోరులేని రోగుల్ని సిబ్బంది కొట్టడం కళ్లారా చూశాడు. ఇవన్నీ రాసి, రహస్యంగా రాష్ట్ర గవర్నరుకే ఉత్తరం పంపాడు.

1903లో ఇంటికొచ్చాడు, మళ్లీ ఉద్యోగంలో చేరాడు. 1905 మొదట్లో పాత లక్షణాలు తిరిగి కనిపించినప్పుడు ఇంటివాళ్ల మాట విని తనే ఆస్పత్రికి వెళ్లాడు, కొద్ది వారాల్లో కోలుకుని బయటికొచ్చాడు. అంత అనుభవించినా ఆస్పత్రులు వద్దని అతను ఎన్నడూ అనలేదు. మంచి ఆస్పత్రులు కావాలన్నాడు. తన కథను పుస్తకంగా రాసి 1908లో అచ్చువేయించాడు. ప్రఖ్యాత మనస్తత్వవేత్త విలియం జేమ్స్‌ దానికి మద్దతుగా నిలిచారు. ఆ ఏడాదే కనెక్టికట్‌లో, 1909లో దేశమంతటికీ మానసిక ఆరోగ్య సంఘాలు బీర్స్‌ చొరవతో ఏర్పడ్డాయి. ఇన్‌పేషెంటుగా చేరకుండానే చూపించుకునే క్లినిక్‌ 1913లో న్యూహేవెన్‌లో మొదలైంది. చివరి రోజుల్లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. 1943లో మానసిక చికిత్సాలయంలోనే కన్నుమూశాడు. అంతమాత్రాన అతను చేసిన పని చెరిగిపోలేదు.

మన దేశంలో ఈ ఆలోచన చట్టంగా మారడానికి చాలాకాలం పట్టింది. 1912 నాటి లూనసీ చట్టం 1993 దాకా నడిచింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోయే దారిలేక చనిపోయారు. ఇప్పుడున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మీ ఇంట్లోవాళ్లను ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లినా, ప్రైవేటుకు తీసుకెళ్లినా ఈ సంగతులు గుర్తుంచుకోండి.

గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం నిషేధం. తక్షణ ప్రమాదం ఉండి, వేరే మార్గం లేనప్పుడు మాత్రమే, సైకియాట్రిస్టు అనుమతితో కదలకుండా పట్టి ఉంచవచ్చు. ఆ సంగతి 24 గంటల్లోగా రోగి తరఫు ప్రతినిధికి చెప్పాలి. బలవంతంగా గుండు గీయించకూడదు. ఆస్పత్రి దుస్తులే వేసుకోవాలని ఒత్తిడి చేయకూడదు. మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయకూడదు.

ఉత్తరాలు, ఫోన్లు, చూడటానికొచ్చే మనుషులు రోగి హక్కు. జబ్బు వివరాలు గోప్యంగా ఉండాలి. తన తరఫున ఎవరు మాట్లాడాలో, ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో బాగున్న రోజుల్లోనే రాసిపెట్టుకోవచ్చు. తనంతట తాను చేరవచ్చు. ఇతరుల దరఖాస్తు మీద చేర్చితే మొదటి విడత 30 రోజులు దాటకూడదు. అన్యాయం అనిపిస్తే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్లవచ్చు. ఉచిత న్యాయసహాయం అడగవచ్చు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి.

ఇన్ని హక్కులున్నా అవి వాటంతటవి నడిచిరావు. చేర్చిన రోజే ఫోను ఎప్పుడు మాట్లాడనిస్తారో, ఎప్పుడు రావచ్చో అడిగి రాసుకోండి. వారం వారం వెళ్లండి. మీవాళ్లు లోపల ఏదైనా జరిగిందని చెబితే, అది జబ్బు మాటేనని కొట్టిపారేయకుండా ముందు వినండి, తర్వాత విచారించండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలి మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేయండి. రోజంతా ఉచితంగా సలహా ఇస్తారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.