ఒక యంత్రం, యాభై ఏళ్ల మరమ్మతు



థామస్ ఆల్వా ఎడిసన్ పేరు వినగానే మీలో చాలామందికి ఒక వాట్సాప్ మెసేజ్ గుర్తొస్తుంది. పిల్లవాడికి బుద్ధి లేదని టీచర్ ఉత్తరం పంపితే, తల్లి కన్నీళ్లు దాచుకుని దాన్ని మరోలా చదివి వినిపించిందని ఆ కథ. చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ అలాంటి ఉత్తరం ఉందనడానికి ఆధారం లేదు. ఎడిసన్ పెద్దయ్యాక చెప్పుకున్న ప్రకారం, టీచర్ తనను మందబుద్ధి అనడం అతడే చెవులారా విన్నాడు. ఏడుస్తూ ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాడు. ఆమె దాన్ని దాచలేదు. నేరుగా బడికి వెళ్లి నిలదీసింది. ఆ మాట ఒక టీచర్ నోటి నుంచి వచ్చింది కాబట్టి, టీచర్‌గా నేను ఈ సంగతి మరిచిపోకూడదనుకుంటాను.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, మిలాన్ అనే ఊళ్లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో చివరివాడు. 1854లో కుటుంబం మిషిగాన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు మారింది. బడికి వెళ్లింది కొన్ని నెలలే. ఒకప్పుడు టీచర్‌గా పనిచేసిన తల్లి నాన్సీ ఇంట్లోనే చదువు చెప్పింది. ఆమె ఇచ్చిన సైన్సు పుస్తకంలోని ప్రయోగాలన్నీ ఆ పిల్లవాడు ఇంట్లో చేసి చూశాడు. 12 ఏళ్లకే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. ఆ తర్వాత టెలిగ్రాఫ్ పని నేర్చుకున్నాడు. వినికిడి మాత్రం చిన్ననాటి నుంచే తగ్గుతూ వచ్చింది.

అలాంటి మనిషి 1877 చివర్లో, న్యూజెర్సీలోని మెన్లోపార్క్ ప్రయోగశాలలో, మనిషి గొంతును పట్టి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. అతడు గీసిన బొమ్మను చూసి జాన్ క్రూసీ అనే పనివాడు దాన్ని తయారుచేశాడు. మీ పిల్లల లెక్కల పుస్తకంలో స్థూపం ఉంటుంది కదా, అలాంటి ఇత్తడి స్థూపం చుట్టూ తగరపు రేకు చుట్టారు. చేతితో తిప్పుతూ మాట్లాడితే సూది ఆ రేకు మీద గుంటలు పెడుతుంది. మళ్లీ అదే గాడిలో సూదిని నడిపిస్తే మాట వినిపిస్తుంది. ఒక పిల్లల పాట చెప్పి చూశాడు. మొదటి ప్రయత్నంలోనే పనిచేసింది! 1878 ఫిబ్రవరి 19న పేటెంటు వచ్చింది.

మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. రేకు నాలుగైదుసార్లు తిరిగేసరికి అరిగిపోయేది. చేతితో తిప్పడం వల్ల వేగం నిలకడగా ఉండేది కాదు. గొంతు ఒకసారి కీచుగా, ఒకసారి బొంగురుగా వచ్చేది. ఎడిసన్ దాన్ని పక్కనపెట్టి విద్యుద్దీపం పనిలో పడ్డాడు. ఈలోపు గ్రాహం బెల్ బృందం మైనం మీద గాడి చెక్కే పద్ధతి కనిపెట్టి 1886లో పేటెంటు పొందింది. అప్పుడు ఎడిసన్ తన పాత యంత్రాన్ని మళ్లీ ముందేసుకున్నాడు. 1888 జూన్‌లో దాదాపు 72 గంటలు పట్టువదలకుండా దాని మీదే పనిచేశాడని చెబుతారు. రేకు పోయి గట్టి మైనపు స్థూపం వచ్చింది. పైపొర చెక్కేసి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు.

1890లో మాట్లాడే బొమ్మ అమ్మకానికి పెట్టాడు. లోపల చిన్న మైనపు రికార్డు. రవాణాలోనే పగుళ్లు వచ్చేవి, శబ్దం పిల్లలను భయపెట్టేలా ఉండేది. కొద్ది వారాల్లోనే అమ్మకం ఆపేశారు. ఎడిసన్ పని మాత్రం ఆపలేదు. 1908 నాటికి 2 నిమిషాల స్థూపం 4 నిమిషాలు పాడింది. 1912లో మైనం స్థానంలో పగలని సెల్యులాయిడ్ వచ్చింది. మన దేశంలోనూ కలకత్తాకు చెందిన హేమేంద్ర మోహన్ బోస్ ఇలాంటి స్థూపాల మీద రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును రికార్డు చేశారు.

ఈ పాత యంత్రాలను ఇప్పటికీ బాగుచేసి వినేవాళ్లున్నారు. వాళ్లు వరసగా వెతుకుతారు. పాట వేగం మారుతోందా? బెల్టు, గట్టిపడిన గ్రీజు, వేగాన్ని అదుపుచేసే గవర్నర్ చూస్తారు. శబ్దం బలహీనంగా ఉందా? పలుచని డయాఫ్రమ్ చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయిందేమో చూస్తారు. సూది ముందుకు జరగడం లేదా? దాన్ని నడిపే మరను పరిశీలిస్తారు. 2 నిమిషాల సూదిని 4 నిమిషాల మైనం మీద పెడితే గాడి చెడిపోతుంది. మైనానికి బూజు, ఎండ రెండూ శత్రువులే. మన రామగుండం ఎండలో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. కరీంనగర్‌లో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రీ కూడా ఇదే పద్ధతిలో వెతుకుతాడు. ఒక్కో అనుమానం తీర్చుకుంటూ పోతాడు.

చెవులు సరిగా వినపడని ఎడిసన్, యంత్రపు చెక్కను పళ్లతో కరిచిపట్టుకుని ఆ కంపనాల ద్వారా సంగీతం వినేవాడు. 1929లో అతని కంపెనీ స్థూపాల తయారీ ఆపేసింది. 1931 అక్టోబర్ 18న ఆయన కన్నుమూశాడు. అమెరికాలో అతని పేరిట 1,093 పేటెంట్లు ఉన్నాయి.

ఇక మీకు రెండు విన్నపాలు. పిలిస్తే పలకని పిల్లవాడిని మొద్దు అనే ముందు, ఒకసారి చెవి పరీక్ష చేయించండి. రెండోది, ఇంట్లో మూలపడిన గోడ గడియారమో, కీ ఇచ్చే బొమ్మో ఉంటే బ్యాటరీ తీసేసి, మీరు పక్కన కూర్చుని, విప్పనివ్వండి. కరెంటు వస్తువులు, ఫోన్లు మాత్రం వద్దు. ఏం జరుగుతోంది, ఎక్కడ అనుమానం, ఏం మార్చి చూశాను అని మూడు గళ్లలో రాయమనండి. అది బాగుపడకపోయినా ఫర్వాలేదు. ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టి పంపండి. యూనిట్ టెస్టు మార్కులంత శ్రద్ధగా నేను చదువుతాను.