అడిగి తీసుకున్న స్టీరింగు

మా అబ్బాయికి కార్ల పందేలంటే పిచ్చి. ఓ డిసెంబరు రాత్రి అన్నం ముందు కూర్చుని ఒకటే గొడవ. ఫలానా ర్యాలీ డ్రైవరు ఈ టీము వదిలేస్తున్నాడట, ఆ టీము వాళ్లు రెట్టింపు ఇస్తామన్నారట, సంతకం కూడా అయిపోయిందట. మర్నాటికల్లా అదంతా ఉత్తదేనట! ఏడాది చివర ర్యాలీ లోకంలో ఈ ‘అట’లు మామూలేనని వాడే చెప్పాడు. కాంట్రాక్టు అయిపోయే డ్రైవరు ఎవరితో కాఫీ తాగినా అది వార్తేనట.

వాడు చెబుతుంటే నాకు మా స్టాఫ్ రూం గుర్తొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నా మీదా అలాంటి ‘అట’లే తిరుగుతున్నాయి మరి. పదకొండేళ్లుగా ఒకే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పక్క టౌన్లోని స్కూలు వాళ్లు ఎక్కువ జీతమిస్తాం రమ్మని కబురు పెట్టారు. నేనింకా ఇంట్లోనే తేల్చి చెప్పలేదు, అప్పటికే స్టాఫ్ రూంలో నా బదులు ఎవరొస్తారో లెక్కలేసేశారు. మా ఆడపడుచు ఫోన్ చేసి, నాలుగు డబ్బుల కోసం ఇన్నేళ్ల చోటు వదులుకుంటావా వదినా అని నిష్ఠూరమాడింది. మా వారే నన్ను ఎగదోస్తున్నారని ఇంకొకరి అనుమానం. నాకై నేను అనుకుని ఉంటానన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు!

అప్పుడే మా వాడి పుస్తకాల్లో ఓ ఆడమనిషి ఫొటో కనబడింది. కారు పక్కన నిలబడి నవ్వుతోంది. పేరు పాట్ మాస్. 1955 నుంచి 1970ల దాకా ర్యాలీ కార్లు నడిపి, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారుతూ వెళ్లిన ఇంగ్లీషావిడ. ఆవిడ కథ చదివాక నేను రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదంటే నమ్మండి.

గుర్రాల మీంచి కార్లలోకి

పాట్ 1934 డిసెంబరు 27న ఇంగ్లండులో పుట్టింది. నాన్న ఆల్ఫ్రెడ్ మాస్ పళ్ల డాక్టరు. అయినా 1924లో అమెరికా వెళ్లి ఇండియానాపొలిస్ పందెంలో పాల్గొని వచ్చిన మనిషి. అమ్మ ఐలీన్ కూడా కార్ల పోటీల్లో బహుమతులు గెలుచుకున్నావిడే. ఇక అన్న స్టర్లింగ్ మాస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ప్రపంచమంతా తెలిసిన రేసు డ్రైవరు. పాట్ కంటే అయిదేళ్లు పెద్ద. చెల్లెలికి పదకొండేళ్లప్పుడు కారు నడపడం నేర్పిందీ ఆయనే.

అయితే పాట్ మొదట పేరు తెచ్చుకున్నది కార్లతో కాదు, గుర్రాలతో. గుర్రం మీద అడ్డంకులు దూకించే పోటీల్లో బ్రిటన్ జట్టు దాకా వెళ్లింది. 1953లో అన్నగారి మేనేజరు ఒక చిన్న ర్యాలీకి మ్యాపు చూడటానికి రమ్మని తీసుకెళ్లాడు. అదీ మొదలు. ఆ మరుసటి ఏడాది మోరిస్ మైనర్ కారులో తనే ర్యాలీలు నడిపింది. తర్వాత ట్రయంఫ్ టీఆర్2 అనే స్పోర్ట్స్ కారు వచ్చింది.

ర్యాలీ అంటే ఏమిటో నాలాంటి వాళ్ల కోసం ఒక్కమాట. ఇది గుండ్రటి ట్రాకు మీద చుట్లు తిరిగే పందెం కాదు. కొండలు, అడవులు, మంచు, మట్టిరోడ్లు దాటుకుంటూ ఊళ్లకు ఊళ్లు పోవాలి. ఇన్ని గంటలకు ఈ చోటికి చేరాలని లెక్క ఉంటుంది. ఆలస్యమైతే మార్కులు పోతాయి. కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతుంటే రెండో వాళ్లు దారి, టైము చూస్తారు. కారు, మెకానిక్కులు, పెట్రోలు, టైర్లు, హోటళ్లు... ఇదంతా సొంత డబ్బుతో అయ్యే పని కాదు. అందుకే డ్రైవరుకి కంపెనీ కావాలి. కారు బాగుందని జనం నమ్మాలంటే కంపెనీకి మంచి డ్రైవరు కావాలి. కాంట్రాక్టంటే ఇదే.

ఒక కాదు, ఒక అవును

1955లో బ్రిటన్లో ఆర్ఏసీ ర్యాలీ జరగబోతోంది. పాట్ దగ్గర ట్రయంఫ్ కారు ఉంది. నేను మీ కారే నడుపుతున్నాను కదా, ఖర్చులు పెట్టుకోండి అని ఆ కంపెనీని అడిగింది. వాళ్లు కుదరదన్నారు. ఎంజీ కంపెనీ వాళ్లు మాత్రం ఖర్చులూ ఇస్తాం, కారూ ఇస్తామన్నారు. పాట్ ఎంజీ ఎక్కింది. ఎంజీ, ఆస్టిన్, మోరిస్ అన్నీ బీఎంసీ అనే పెద్ద కంపెనీలోవి. అలా ఇరవయ్యేళ్ల పిల్ల బీఎంసీ టీములో డ్రైవరైపోయింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఆ అమ్మాయి అడక్కపోయుంటే? స్టర్లింగ్ మాస్ చెల్లెలు, ఇంట్లో డబ్బుకి లోటు లేదు, ఖర్చులు అడగడమేమిటి, నామోషీ అనుకుని ఉంటే? ఇంకో నాలుగేళ్లు సరదాకి నడిపి మానేసి ఉండేది. కాదంటారేమోనని మనం ఎన్ని అడక్కుండా వదిలేశామో లెక్కేసుకుంటే నాకే సిగ్గేసింది. పదకొండేళ్లలో జీతం పెంచమని నేను గట్టిగా అడిగింది ఒక్కసారి. అదీ మూడు రోజులు లోపల్లోపల రిహార్సల్ చేసుకుని!

లేడీస్ కప్పు చాలదు

ఆ రోజుల్లో పెద్ద ర్యాలీలన్నిటికీ ఆడవాళ్లకి విడిగా ఒక బహుమతి ఉండేది. కంపెనీలకి అదో మంచి ప్రచారం. మహిళా డ్రైవర్లని టీములో పెట్టుకోవడంలో వాళ్ల లెక్క అదే. పాట్ ఆ కప్పులు బోలెడు గెలిచింది. యూరప్ మహిళా ర్యాలీ చాంపియన్‌గా అయిదుసార్లు నిలిచింది. 1958, 1960, 1962, 1964, 1965. అయితే ఆవిడ విలువ పెంచినవి ఆ కప్పులు కావు, మగవాళ్లతో కలిపి చూసిన ఫలితాలు.

పక్కన కూర్చునే జోడీ ఆన్ విజ్డమ్. ఆ అమ్మాయి తల్లీ తండ్రీ కూడా రేసులు నడిపిన వాళ్లే. 1960లో వీళ్లిద్దరూ లీజ్-రోమ్-లీజ్ ర్యాలీకి వెళ్లారు. బెల్జియంలో బయల్దేరి యుగొస్లావియా కొండదారులు తిరిగి మళ్లీ బెల్జియం చేరాలి. దాదాపు నాలుగు రోజులు, రాత్రీ పగలూ, విశ్రాంతి లేని ప్రయాణం. చాలా కార్లు దారిలోనే చతికిలబడిపోయేవి. ఆస్టిన్ హీలీ 3000 అనే బండ మోటు కారుతో ఆ ర్యాలీలో వాళ్లు మొదటి స్థానంలో వచ్చారు. ఆడవాళ్లలో మొదటి కాదు, అందరిలోనూ మొదటి! అంత పెద్ద అంతర్జాతీయ ర్యాలీని ఆడవాళ్లు గెలవడం అదే మొదలు.

1961 ఆర్ఏసీ ర్యాలీలో పాట్ రెండో స్థానం. మొదటి స్థానం ఎరిక్ కార్ల్‌సన్‌ది. సాబ్ కంపెనీ తరఫున నడిపే స్వీడన్ ఆజానుబాహుడు. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

1962 ఏప్రిల్ 23న స్టర్లింగ్ కారు ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ట్రాకు మీద గుద్దుకుంది. నెలరోజులు ఆయనకు స్పృహ లేదు. ఆ మే నెలలోనే పాట్ హాలండులో ట్యులిప్ ర్యాలీకి మినీ కూపర్ నడిపింది, గెలిచింది. మినీ కారుకి అంతర్జాతీయ ర్యాలీల్లో అదే మొదటి గెలుపు. తర్వాత కాలంలో ఎందరో వీరుల్ని చేసిన ఆ బుల్లి కారుకి బోణీ చేసింది ఒక ఆడమనిషి. అన్న ఆసుపత్రిలో ఉండగా ఆ రోజుల్లో స్టీరింగు ముందు ఎలా కూర్చుందో నేను ఊహించలేను. ఆ ప్రమాదంతో స్టర్లింగ్ రేసుల జీవితం ముగిసిపోయింది. చెల్లెలిది సాగింది.

వదిలి వెళ్లడం

ఆ ఏడాదే ఆన్ తల్లి కాబోతూ ర్యాలీలకి స్వస్తి చెప్పింది. ఏళ్ల తరబడి ఒకే కారులో, ఒకే దుమ్ములో బతికిన జోడీ విడిపోయింది. అదే సమయంలో ఫోర్డ్ కంపెనీ పిలిచింది. డబ్బు ఎక్కువ. తనని డ్రైవరుగా నిలబెట్టిన బీఎంసీని ఎనిమిదో ఏట వదిలి, 1963లో పాట్ ఫోర్డ్ కార్టినా ఎక్కింది.

మరి బాగుపడిందా? నిజం చెప్పాలంటే లేదు. పైన చాంపియన్ ఏళ్లు చెప్పాను కదా, మళ్లీ చూడండి, వాటిలో 1963 లేదు. పైగా 1964 జనవరిలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది ఏ కారనుకున్నారు? ఆవిడ బోణీ చేసి వదిలొచ్చిన మినీయే! నడిపింది పాడీ హాప్‌కర్క్. ఉన్నచోటే ఉంటే ఆ గెలుపు పాట్‌దే అయ్యేదేమో. కాకపోయేదేమో. మారే వాళ్లకి ఈ ‘ఏమో’ ఎప్పుడూ ఉంటుంది. ఉన్నచోటే ఉండిపోయే వాళ్లకీ ఉంటుంది, కాకపోతే వాళ్లనెవరూ అడగరు.

1963లోనే పాట్ ఎరిక్ కార్ల్‌సన్‌ని పెళ్లి చేసుకుంది. 1964లో ఫోర్డ్ వదిలి ఆయన ఉన్న సాబ్ టీములో చేరింది. మొగుడి వెనకాలే వెళ్లిపోయిందని తేల్చేయడం సులువు. కానీ సాబ్ ఆవిడకి కొత్త కాదు. 1962లో, ఇంకా పెళ్లి కాకముందే, బీఎంసీ డ్రైవరుగా ఉంటూనే ఆ ఒక్క పోటీకి సాబ్ కారు తీసుకుని తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీలో మూడో స్థానంలో వచ్చింది. ఆవిడేమిటో ఆ కంపెనీకి తెలుసు, ఆ కారేమిటో ఆవిడకి తెలుసు.

1964 మాంటే కార్లోలో ఎరిక్ మూడు, పాట్ అయిదు. ఆ మరుసటి ఏడాది అదే ర్యాలీలో మంచు తుఫాను. 237 కార్లు బయల్దేరితే చివరిదాకా వచ్చినవి 35. ఈసారి మూడో స్థానం పాట్‌ది. ఆయన వెనక మిగిలాడు. ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో గానీ, కాపురం మాత్రం చల్లగా సాగింది. 1965లో ఇద్దరూ కలిసి కారు నడిపే విద్య మీద పుస్తకం కూడా రాశారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతది. 1968లో పాట్ సాబ్ వదిలి ఇటలీ కంపెనీ లాన్సియాకి వెళ్లింది. భర్తతో విడిపోలేదు, గొడవపడలేదు. ఆయన సాబ్ మనిషిగానే ఉన్నాడు. ఆవిడ లాన్సియా కారు నడిపింది, అంతే. ఆ ఏడు సాన్ రెమో ర్యాలీలో రెండో స్థానంలో వచ్చింది. 1969 చివర్లో కూతురు పుట్టింది. ఇక ఇంట్లో కూర్చుంటుందనుకునే లోగా, 1972 మాంటే కార్లోలో రెనో ఆల్పైన్ కారుతో పదో స్థానం! 1974లో తనే చాలనుకుని మానేసి, మళ్లీ గుర్రాల దగ్గరకు వెళ్లిపోయింది. 2008 అక్టోబరు 14న, 73వ ఏట కేన్సర్‌తో కన్నుమూసింది.

ఒకసారి లెక్కపెట్టాను. బీఎంసీ, ఫోర్డ్, సాబ్, లాన్సియా, ఆల్పైన్. అయిదు గడపలు. కొన్నిచోట్ల కలిసొచ్చింది, ఒకచోట రాలేదు. అన్న పేరు తలుపు దాకా తీసుకెళ్లి ఉండొచ్చు, భర్త పేరు తోడొచ్చి ఉండొచ్చు. మంచు తుఫానులో నడిపింది మాత్రం తనే కదా. అందుకే ధర కూడా తనే అడిగింది.

ఇంతకీ నా సంగతి. సోమవారం నేనే కరస్పాండెంటు గదికి వెళ్లాను. ఫలానా చోట పిలిచారండీ, ఇంత ఇస్తామన్నారు, మీరెంత ఇవ్వగలరు అని అడిగాను. ఈసారి రిహార్సల్ లేదు. ఆయన చూద్దాం అన్నారు. నెలైనా చూస్తూనే ఉన్నారు. జూన్‌లో కొత్త స్కూల్లో చేరాను.

అక్కడ అంతా బాగుందని చెప్పను. రోజూ గంటన్నర బస్సు. తొమ్మిదో తరగతి పిల్లలకి భిన్నాల దగ్గర్నుంచి మళ్లీ చెప్పుకురావాల్సి వచ్చింది. పాత స్కూలు పదో తరగతి పిల్లలు సంతలో కనబడితే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. నాకూ ఇది 1963 అవుతుందేమో. అయినా సరే.

మొన్న మా ఆడపడుచు మళ్లీ ఫోన్ చేసింది. తను టైలరింగు చేస్తుంది. పదేళ్లుగా జాకెట్టుకి అదే కూలి తీసుకుంటోంది. వదినా, పెంచితే వాళ్లు వేరే చోటికి పోతారంటావా అని గొంతు తగ్గించి అడిగింది. పోయే వాళ్లు పోతారమ్మా, ముందు నువ్వు అడిగి చూడు అన్నాను.